తాతల చేత అంగీ విప్పించిన మేడం

మేడం పోయారన్న కబురు మొన్న సోమవారం పొద్దున వచ్చింది. ఫోను మూడుసార్లు మోగినా నేనే ఎత్తలేదు. కోరుట్లలో ఒక ఇంట్లో పసిపాపను తూస్తున్నాను. కాంటా మీద అంకె నిలబడే దాకా ఫోను ముట్టకూడదన్నది మేడం పెట్టిన నియమమే. అంకె నిలబడింది, రాసుకున్నాను, అప్పుడు ఎత్తాను. సిరిసిల్ల నుంచి ఆమె తమ్ముడు. "అక్క పోయిందమ్మా" అన్నాడు. నా ముఖం చూసి పాప తల్లి హడలిపోయింది. "ఏమైందక్కా, బరువు తగ్గిందా?"

"లేదమ్మా, పెరిగింది" అని చెప్పి, అప్పుడు ఏడ్చాను.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక ఎలా ఉంటున్నారన్నది మేడం పరిశోధన. జగిత్యాలలో రెండు గదుల ఆఫీసు. ఊళ్లు తిరిగి పిల్లల బరువు, ఒంటి వేడి రాసుకొచ్చే పని నాది. సిరిసిల్లలో మరమగ్గాల చప్పుడు మధ్య పెరిగిన మనిషి కావడంతో ఆమెది మహా పెద్ద గొంతు. "పాప పండుకున్నది, మెల్లగ మాట్లాడుండ్రి" అని ఆమె గుసగుసలాడితే పక్కింటి పాప కూడా లేచేది.

మొదటి రోజు నేను బరువు గడిలో 'బాగుంది' అని రాశాను. "మంచిగున్నదని సుట్టాలు చెప్తరు. నువ్వు గ్రాములు రాయి" అన్నారు. రోజూ పొద్దున కిలో చక్కెర ప్యాకెట్ పెట్టి కాంటాను పరీక్షించేవారు. ఒకరోజు కాంటా తక్కువ చూపిస్తోందని గంటసేపు దానితో కొట్లాడారు. ముందురోజు ఆ ప్యాకెట్‌లోంచి నేను టీలోకి రెండు చెంచాలు తీసుకున్నానని చెప్పే ధైర్యం లేకపోయింది. ఇప్పుడు చెబుతున్నాను.

మెట్‌పల్లి దగ్గరి ఊళ్లో ఒక పాప ఎనిమిదో నెలలో పుట్టింది. ఇంటికొచ్చి రెండు వారాలైనా బరువు పెరగలేదు. తన ఒంటి వేడి తగలాలని పాపను ఎదకు కట్టుకుని కూర్చుని కూర్చుని తల్లి సొమ్మసిల్లిపోతోంది. తండ్రి దుబాయిలో ఉన్నాడు. నానమ్మకు తగ్గని దగ్గు. మేం వెళ్లేసరికి తల్లి కూర్చున్నచోటే కునుకుతోంది, పాప పక్కన బట్టల్లో ఉంది. మేడం పాప అరికాళ్లు ముట్టుకున్నారు. చల్లగా ఉన్నాయి. ఆమె గొంతు ఒక్కసారిగా తగ్గిపోవడం నేను అప్పుడే విన్నాను.

వాకిట్లో తాత ఉన్నాడు. తెల్ల అంగీ, మెలేసిన మీసం. ఊళ్లో పంచాయితీలు చెప్పే మనిషి.

"బాపూ, అంగి ఇప్పు" అన్నారు మేడం.

"గిదేం ముచ్చట డాక్టరమ్మా? ఆడోళ్ల ముంగట అంగి ఇప్పాల్నా?"

"నాట్లప్పుడు పొలంల ఇప్పుతలేవా?"

"గది పొలం."

"గిది నీ మనుమరాలు."

తాత అంగీ విప్పి గోడవైపు తిరిగి కూర్చున్నాడు. పాపను ఆయన ఎదకు ఆనించి, తల పక్కకు తిప్పి, ఆయన కండువాతోనే కట్టారు. మీసం మీద ఈగ వాలినా ఆయన తోలుకోలేదు. "నడువచ్చు బాపూ" అంటే, "జారితే?" అని గుడ్లురిమాడు. గంటకు పాప అరికాళ్లు వెచ్చబడ్డాయి. తల్లి ఆ గంటా ఒళ్లెరగకుండా నిద్రపోయింది.

వారం తిరిగేసరికి పాప బరువు పెరిగింది. తాత నా ఫారం లాక్కున్నాడు. "నా పేరేది గిండ్ల?"

ఎత్తుకునేవారి గడిలో 'తల్లి' అని ఒక్కటే అచ్చయి ఉంది. మేడం దాన్ని కొట్టేసి 'తాత' అని రాశారు. మర్నాడు హైదరాబాద్ పెద్దాఫీసు నుంచి ఫోను: ఆ గడిలో మగవాళ్లను కంప్యూటర్ ఒప్పుకోవడం లేదట.

"తాతకు పాలు రావు గని, వేడి రాదా?" అని మేడం అరిచిన అరుపుకు కింది కొట్టు షావుకారు పైకి వచ్చి చూసి వెళ్లాడు.

ఫారం మారింది. ఆ తర్వాత ముత్యంపేట దాకా ఎందరు తాతలు, మామలు నాముందు అంగీలు విప్పారో! ఒకాయన నేను గేటు తీయగానే గుండీలకు చేయి వేసేవాడు. మెట్‌పల్లి దగ్గరి ఆ పాప ఇప్పుడు బడికి పోతోంది. నాకు గ్రాములు చదవడం వచ్చిందంటే, ఇంత ఇంటిని పోషించుకుంటున్నానంటే, మేడం చలవే.

ఆమెను తలుచుకుంటే నాకు ఒక్క మధ్యాహ్నమే కనబడుతుంది. ఆ మీసాల తాత ఇంటికే బరువు తూయడానికి వెళ్లాం. వాకిలంతా ఉడకబెట్టిన పసుపు ఆరబోసి ఉంది. కోళ్లు రాకుండా కాపలా కూర్చోబెట్టిన తాత కుర్చీలోనే నిద్రపోయాడు. అంగీ సందులోంచి పాప నెత్తి కనబడుతోంది, ఇద్దరి ఊపిరీ ఒక్క లయలో ఆడుతోంది. నేను లేపబోతే మేడం చెయ్యి పట్టి ఆపారు. చెప్పులు విడిచి, కొంగు నడుముకు చెక్కుకుని, ఆ పసుపు అంచున గొంతుక్కూర్చుని, మా ఫైలుతో కోళ్లను ఒక్కొక్కదాన్నే తోలుతూ ఉండిపోయారు.