తాతయ్య గారు పళ్లు కొరికిన రివాల్వరు

విరగ్గాసిన చిన్న రసాల మామిడితోటని కోసే దిక్కు లేకుండా చేయడం ఎలాగో మీకెవరికైనా తెలుసా? గాలివాన అక్కర్లేదు, తెగులు అక్కర్లేదు. ఒక గేదె కొమ్మూ, నాలాంటి కొత్త కోడలూ ఉంటే చాలు. ఇప్పుడు నవ్వుతూ చెబుతున్నానుగానీ, నూజివీడు పక్కన మా తోట ఇంట్లో ఆ ఎండాకాలం మధ్యాహ్నాలు తలుచుకుంటే, ఒట్టు, ఇప్పటికీ వీపు మీద చల్లగా ఏదో పాకినట్టుంటుంది.

మా మామయ్య గారి దగ్గర ఒక రివాల్వరు ఉంది. లైసెన్సు ఉన్నదే లెండి, కంగారు పడకండి. వాళ్ల నాన్నగారిది, అంటే తాతయ్య గారిది. పెద్దాయన పోయాక ఈయన పేరు మీదకి మారింది. దాంతో మామయ్య గారు ఇంతవరకూ తోటలో కోతిని కూడా బెదిరించలేదు. గుళ్లు తీసేసి, చెక్కపెట్టెలో పెట్టి, తాళం వేసి, ముందుగదిలో తాతయ్య గారి ఫొటో కింద అరలో ఉంచారు. రోజూ ఫొటోకి ఒక పువ్వు, పెట్టెకి ఒక పువ్వు.

ఆ ఏడు దాని పిడికి రెండు పక్కలా ఉండే చెక్కలు పగిలాయి. మామయ్య గారు ఆ ముక్కలు చేతిలో పట్టుకుని దిగులుగా కూర్చుంటే నా నోరు ఊరుకుందా?

"నేను చేస్తానండీ. కొమ్ముతో చేస్తే చెక్కకంటే అందంగా ఉంటుంది."

"నీకొచ్చా అమ్మా?"

"అదెంత పనండీ!"

నాకు వచ్చిందల్లా రెసిన్ పోసి కీచైన్లు చేయడం. అయినా ఫోన్లో వీడియో చూశాను. అందులో ఒకాయన కొమ్ముని కోసి, బాగా ఉడకబెట్టి, ఆరబెట్టి, అప్పుడు ఆకురాయి పట్టమన్నాడు. కొమ్ముకేం, గేదెల పాక అటక మీద ఉంది. ఎప్పుడో పోయిన గంగ అనే గేదెది. పారెయ్యడానికి మనసొప్పక అత్తయ్య గారు దాచుకున్నారు.

కోసిన ముక్కలు గిన్నెలో వేసి పొయ్యి మీద పెట్టానో లేదో, ఆవిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని వచ్చేశారు.

"ఏమే అమ్మాయ్, ఏంటీ కంపు? పప్పు వండే పొయ్యి మీద గంగని వండుతావా? తియ్యవతలికి!"

తీసేశాను. నీళ్లు గోరువెచ్చన కూడా కాలేదు. ఉడకబెట్టకపోతే ఏమవుతుందిలే, తినేదా పెట్టేదా అనుకున్నాను. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి.

అరిగించాను, నున్నగా రుద్దాను, పాలిష్ కొట్టాను. మామయ్య గారే మరలు బిగించుకున్నారు. నల్లటి కొమ్ములో ఒక తెల్లటి చార, తళతళా మెరిసిపోతోంది. "మా నాన్న చూసుంటే మురిసిపోయేవాడు" అన్నారు. నేను ఆ పూటంతా నేల మీద నడవలేదు.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. ఫ్యాను తిరిగి తిరిగి ఆగింది. తోటలో ఒక్క ఆకు కదలడం లేదు. అప్పుడు వినిపించింది, పెట్టెలోంచి.

కర్... కర్... కర్...

"ఎలకేమోనండీ" అంటూ లేచి అటు అడుగు వేశాను. ఆగిపోయింది. వెనక్కొచ్చి కూర్చున్నాను. కర్... కర్...

మామయ్య గారు మజ్జిగ గ్లాసు కింద పెట్టేశారు. "మా నాన్న" అన్నారు మెల్లగా. "కోపమొస్తే పైకి ఒక్క మాట అనేవాడు కాదు. ఇలాగే పళ్లు కొరికేవాడు."

కరెంటు వచ్చింది. ఫ్యాను తిరిగింది. చప్పుడు లేదు. మర్నాడు కరెంటు పోయింది, చప్పుడు మళ్లీ వచ్చింది. ఇక మాకు అర్థమైంది ఒకటే: కరెంటు పోతే తాతయ్య గారు వస్తున్నారు.

నా భయం వేరు. నాకది పళ్లు కొరికినట్టు లేదు, నెమరు వేసినట్టుంది. గంగ! దాని కొమ్ము కోసింది నేనేగా! ఆ మాట పైకి అనే ధైర్యం మాత్రం లేదు.

మామయ్య గారు పెట్టె తెరిచారు. రివాల్వరు కింద మెత్తటి తెల్లటి పొడి. పెట్టెకి తాళం, తాళంచెవి మామయ్య గారి మొలతాడుకి. ఎవరు పోసినట్టు?

"విభూతి!" అన్నారు అత్తయ్య గారు, రెండు చేతులూ జోడించి. ముగ్గురి నుదుటా పెట్టారు. "నాలుక మీద కూడా వేసుకోవే, మంచిది." వేసుకున్నాను. రోజూ వేసుకున్నాను. కొంచెం పొట్లం కట్టి ఉంగుటూరులో వాళ్ల చెల్లెలికి పంపారు.

ఇంతలో కోత మాట్లాడుకోవడానికి మామిడికాయల షావుకారు వచ్చాడు.

"కాయ తయారైందండీ. చిన్న రసం ఆగదు. రేపు మనుషుల్ని పంపమంటారా?"

"నాన్నకి ఇష్టం లేనట్టుందండీ."

"ఎవరి నాన్నగారికండీ?"

"మా నాన్నకి."

షావుకారు ఫొటో వంక చూశాడు. దాని మీది దండ వంక చూశాడు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. కర్... కర్... ఒక కాలికి తన చెప్పు, ఇంకో కాలికి నా చెప్పు వేసుకుని గేటు దాటేశాడు మహానుభావుడు. మర్నాడు కాయలు కోసే చిక్కాలు పట్టుకుని వచ్చిన కూలీలు కూడా గేటు దగ్గరే ఆగి, చెట్లకి ఒక దణ్ణం పెట్టి వెళ్లిపోయారు.

ఆ తోట తప్ప మాకు ఇంకో ఆధారం లేదండీ. పండ్లు రాలడం మొదలైంది. లోపల కర్ మంటుంది, బయట చెట్ల కింద ధప్ మంటుంది. ధప్ మన్నప్పుడల్లా మామయ్య గారు కళ్లు మూసుకునేవారు. నాకు ఏడుపొచ్చేది.

చివరికి ఆయన పెట్టె ముందు కొబ్బరికాయ కొట్టి కూర్చున్నారు. "నాన్నా, ఒక్కసారి అడుగుతున్నాను. కోత కొయ్యమంటే ఊరుకో. వద్దంటే కొరుకు."

కరెంటు పోయేదాకా ఎదురుచూశాం. పోయింది. ఊపిరి బిగబట్టాం.

కర్.

"అయిపోయిందమ్మా" అన్నారాయన. ఆ గొంతు వింటే రాయికైనా ఏడుపొస్తుంది. అత్తయ్య గారు కళ్లు తుడుచుకుని, విభూతి తీసుకుందామని పెట్టె తెరిచి, చిటికెడు నాలుక మీద వేసుకుని, అలాగే ఉండిపోయారు.

పిడి మీద, తెల్లటి చార పక్కనే, చిన్న కన్నం. అందులోంచి ఒక బొచ్చుపురుగు తల బయటపెట్టి మా ముగ్గురినీ తీరిగ్గా చూసింది.

"తాతయ్య గారా?" అన్నాను. నా నోరు ఊరుకోదని చెప్పానుగా.

"మరి ఈ పొడి?" అన్నారు అత్తయ్య గారు, నాలుక లోపలికి పెట్టకుండానే.

"కొమ్ముదేనండీ. పురుగు దాన్ని తిని..."

"తిని?"

"తిని... వదిలిందండీ."

ఆవిడ పెరట్లోకి పరిగెత్తారు. వెనకే నేనూ. తిరిగొచ్చేసరికి మామయ్య గారు పడీపడీ నవ్వుతున్నారు. పురుగు ఎప్పుడూ కొరుకుతూనే ఉంది, ఫ్యాను హోరులో వినపడలేదు, అంతేనట! నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుని, "కోపంగానైతేనేం, ఇంట్లో ఉన్నాడనుకున్నానమ్మా" అన్నారు. ఆ వెంటనే షావుకారుకి ఫోన్ చేశారు. రాలినవి రాలగా, మిగిలిన కాయ దక్కింది.

ఆ కొమ్ము ముక్కల్ని పిడి నుంచి విప్పించి, తోటలో మూడు రాళ్ల మీద పెట్టి, పొద్దుగూకే దాకా ఉడకబెట్టాను. ఇప్పుడు కరెంటు పోయినా పెట్టెలో ఏ చప్పుడూ లేదు. మామయ్య గారు మాత్రం ఒక్కోరోజు కరెంటు ఉన్నా ఫ్యాను ఆపి, అలా చెవి ఒగ్గి కూర్చుంటున్నారు.

మొన్న ఉంగుటూరు నుంచి ఫోన్. "అక్కా, ఆ విభూతితో నా మోకాళ్ల నొప్పులు మాయం! అయిపోయిందే, ఇంకొంచెం పంపవూ?" అత్తయ్య గారు నా వంక చూశారు. మామయ్య గారూ నా వంకే చూశారు.

"అమ్మాయ్, అటక మీద గంగ రెండో కొమ్ము కూడా ఉండాలే? ఈసారి ఉడకబెట్టకు" అన్నారు అత్తయ్య గారు.

కనుక, మా చిన్న రసాల సాక్షిగా, షావుకారుతో వెళ్లిపోయిన నా ఎడమకాలి చెప్పు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇక ఈ జన్మలో కొమ్ము జోలికి పోను, ఆకురాయి ముట్టను, ఎవరు పెట్టినా సరే, ఏ జంతువు నుంచి వచ్చిందో అడక్కుండా విభూతి నాలుక మీద వేసుకోను.