కడప అమ్మాయి బూట్లు

కర్నూలులో నేను కసరత్తు చేసే తాలింఖానాలోకి చెప్పులతో అడుగు పెట్టనివ్వరు. బరువులెత్తే ఇనుప కడ్డీకి దండం పెట్టాకే దాన్ని ముట్టుకుంటాం. అందుకే భుజాల మీద బరువుతో గుంజీలు తీసినట్టు కూర్చుని లేచే స్క్వాట్ కూడా నాకు వట్టికాళ్లతోనే అలవాటు.

మొదటిసారి పోటీకి కడప వెళ్లాను.

"బూట్లు లేకుంటే ఎత్తనియ్యమమ్మా" అన్నాడు రెఫరీ.

బజారుకు పరిగెత్తి, ఎంత మెత్తగా ఉంటే అంత మంచివనుకుని పరుపులాంటి రన్నింగ్ షూస్ కొన్నాను.

బరువుతో కిందికి కూర్చోగానే మడమలు ఆ మెత్తదనంలోకి కూరుకుపోయాయి. మోకాళ్లు లోపలికి వంగాయి. పక్కనున్నవాళ్లు కడ్డీ పట్టుకోకపోతే ఏమయ్యేదో! రెండోసారీ అంతే. ఇక ఒక్క అవకాశమే మిగిలింది. గోడవైపు తిరిగి ఏడ్చేశాను.

"ఏమక్కా, ఏడుస్తాండావా?"

నాతో పోటీపడుతున్న కడప అమ్మాయి! నా బూటు అడుగును బొటనవేలితో నొక్కింది. "దీంతో యాడ లేస్తావు? దూది మాదిరి ఉండాది" అంటూ, గట్టి అడుగున్న తన కాన్వాస్ బూట్లు విప్పిచ్చింది. "బిన్నా ఏసుకో, టైము లేదు. నీ తర్వాత నేనే పోవల్ల."

అవింకా వెచ్చగా ఉన్నాయి. వేసుకుని నిలబడితే కాలికి నేల తెలిసింది. కూర్చున్నాను. లేచాను!

గబగబా లేసులు విప్పి ఆమెకిచ్చాను. ఆమె అవే బూట్లతో నాకంటే ఎక్కువ బరువెత్తి గెలిచింది.

ఇప్పుడు ఏ పోటీకి వెళ్లినా నా సంచిలో గట్టి అడుగున్న బూట్లు రెండు జతలుంటాయి. రెండో జత ఎవరికోసమో నాకింకా తెలీదు.