ఇంజనుకు కట్టిన పట్టుగుడ్డ

మొన్న మా అల్లుడి కొత్త కారును హిందూపురం నుంచి ధర్మవరానికి నడుపుకుంటూ వస్తుంటే, లీటరుకు ఎన్ని కిలోమీటర్లు వస్తున్నదో చూపే అంకె నా కళ్ళముందే దిగజారిపోయింది. పక్కన కూర్చున్న మనవరాలు ఊరుకుంటుందా? "తాతా, మా నాయన తోల్తే ఇరవై చూపిస్తాది, నువ్వు తోల్తే పద్నాలుగు. పెట్రోలు నువ్వే తాగేస్తాండావా?" అని పకపకా నవ్వింది. నేను నవ్వలేకపోయాను. ఒకప్పుడు మా బావను నేను ఇంతకంటే ఘోరమైన మాట అన్నాను, అదీ నవ్వుతూ కాదు.

ఆనాటి పాత పెట్రోలు కార్లు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. ధర్మవరంలో మా నాయన నేయించిన పట్టుచీరలను పెనుకొండ మీదుగా హిందూపురం అంగళ్ళకు చేర్చడానికి మా ఇంట్లోనూ అలాంటిదొకటి ఉండేది. ఇల్లరికం వచ్చిన మా అక్క భర్త, నేనూ దాన్ని వంతులవారీగా నడిపేవాళ్ళం. బావ పొద్దున్నే టైర్లలో గాలి చూసుకుని, మలుపు రాకముందే కాలు సడలించి, నిండు బిందె మోస్తున్నంత నెమ్మదిగా బండిని తీసుకుపోయేవాడు. నేనేమో క్లచ్ మీద కాలు తీయకుండా ఉరికించి, బ్రేకు తొక్కి, మళ్ళీ ఉరికించేవాణ్ణి. అదే గొప్ప డ్రైవింగని నా గర్వం.

దానికి తోడు మరో తెలివితక్కువ పని చేశాను. మగ్గం మీది పడుగు దారాలకు దుమ్ము తగలకుండా గుడ్డ కప్పడం పుట్టినప్పటి నుంచీ చూసినవాణ్ణి కనుక, ఎర్రమట్టి దారికి ఇంజను పాడవుతుందని, అది గాలి పీల్చుకునే డబ్బాకు పాత పట్టుగుడ్డ మూడు మడతలు చుట్టి కట్టాను. బావ రెండుసార్లు విప్పేశాడు. రెండుసార్లూ కసిరి మళ్ళీ కట్టాను. ఆ తరువాత ఆయన దాని జోలికి రాలేదు.

పెట్రోలు మాత్రం చెప్పనలవి కానంతగా ఖర్చవసాగింది. ఎక్కువసార్లు బండి తీసేది బావే. ఒకరోజు మగ్గాల షెడ్డులో నేతగాళ్ళందరూ వింటుండగా, "బావా, పెట్రోలు యాడికి పోతాండాది? దించి అమ్ముకుంటాండావా?" అని అనేశాను. మగ్గాల చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది. ఆయన తాళంచెవిని నేతగాడు కాళ్ళు పెట్టుకునే మగ్గం గుంత గట్టు మీద పెట్టి, ఆ సాయంత్రమే అక్కను తీసుకుని తన సొంతూరు పరిగికి వెళ్ళిపోయాడు.

తరువాత బండిని నేనొక్కణ్ణే నడిపాను. ఖర్చు తగ్గకపోగా ఇంకా పెరిగింది. పదిహేను రోజులకు పెనుకొండ దగ్గర నల్లపొగ కక్కి ఆగిపోయింది. మెకానిక్ బానెట్ ఎత్తి, కడుపు పట్టుకుని నవ్వాడు. "ఏమప్పా, ఇంజనుకు చీర కట్టినావే! ఊపిరాడకుంటే అది పెట్రోలు తాగక ఏం జేస్తాది? క్లచ్ ప్లేటు కూడా సూడు, అరిగి రేకైపోయింది. ఎవురు తోలేది దీన్ని?"

ఆ రోజే పరిగికి వెళ్ళాల్సింది. సిగ్గుతో ఏడేళ్ళు వాయిదా వేశాను. తలచుకుంటే నామీద నాకే ఒళ్ళు మండుతుంది. చివరకు వెళ్ళి గుమ్మంలోనే తప్పు ఒప్పుకుంటే, బావ చాప వేసి కూర్చోబెట్టి, "నాకు జెప్తే ఏమొస్తాదబ్బా? నేను దొంగను కాదని నాకు తెలుసు. ఆ పొద్దు విన్నోళ్ళకు జెప్పు," అన్నాడు.

అదీ రేపూ మాపూ అంటూ చేయనే లేదు. ఇప్పుడు దారంతా నున్నటి రోడ్డు, షెడ్డు ఉన్నచోట మరమగ్గాలు. బావ కూడా లేడు. ఆనాటి నేతగాళ్ళు ఒక్కొక్కరే బతుకుతెరువు వెతుక్కుంటూ ఏయే ఊళ్ళకో వెళ్ళిపోయారు. మా బావ దొంగ అన్న నా మాటను వెంట తీసుకుపోయిన వాళ్ళలో ఒక్కరి ఇల్లు కూడా నాకు తెలియదు.