వంతెన ఇవతల తాన్ షిఫు

వుహాన్‌లో టాక్సీ డ్రైవర్‌ని అందరూ ‘షిఫూ’ అని మర్యాదగా పిలుస్తారు. తాన్ షౌజు పక్కన మాత్రం తోటి షిఫులే కూర్చునేవారు కాదు. ఆసుపత్రులు చేతులెత్తేసినవాళ్లను అతను టాక్సీలో ఇళ్లకు చేర్చేవాడు. సొంత కప్పు కిందే ఊపిరి వదలాలని ఇక్కడివాళ్ల పట్టుదల. బయట పోతే శవాన్ని ఇంటి గుమ్మం లోపలికి రానివ్వరు. అయినా అలాంటి మనిషిని ఎక్కించుకుంటే బండికి అరిష్టమని డ్రైవర్లు మొహం చాటేస్తారు. పొద్దున నువ్వుల ముద్ద కలిపిన నూడుల్స్ తింటూ అతన్ని ఆటపట్టించేవారు.

“ఏరా తాన్, యముడు నీకు నెల జీతమిస్తున్నాడా?”

“నీకెందుకురా? నిన్ను తీసుకెళ్లే రోజు కమిషన్ కూడా అడుగుతాలే.”

తర్వాత డ్రైవర్ లేని కార్లొచ్చాయి. గిరాకీ పడిపోయి తాన్ టాక్సీ అమ్మేశాడు. ప్రమాదాలు తగ్గాయని సభల్లో కొందరు మురిసిపోయారు, అది నిజమే. మానవ స్పర్శ పోయిందని మరికొందరు కన్నీళ్లు పెట్టుకున్నారు. ఆ కన్నీళ్ల సంగతి నాకు తర్వాత తెలిసొచ్చింది.

తాన్‌కి కాలేయం చెడింది. ఇక లాభం లేదని డాక్టర్లు తేల్చాక అతను కోరింది ఒక్కటే: ఇంటికి తీసుకెళ్లమని. ఆసుపత్రి బండ్లు రోగుల్ని తేవడానికే గాని దింపడానికి రావన్నారు. అతని భార్య యూఝెన్ పాత స్నేహితులకు ఫోన్లు చేసింది.

“ప్రాణమిమ్మన్నా ఇస్తాను వదినా,” అన్నాడొకడు. “బండి మాత్రం... మొన్ననే సీటు కవర్లు మార్పించాను.”

ఇంకొకడి కోడలికి నెలలు నిండాయట. మానవ స్పర్శ అంతటితో సరి. వాళ్ల కింది అంతస్తులో ఉండేవాణ్ణి కనుక నేనే ఫోన్లో డ్రైవర్ లేని కారు పిలిచాను. అది వచ్చింది, తలుపు తీసింది. ఎక్కేది ఎవరని అడగలేదు.

నేను ముందు కూర్చున్నాను. వెనక సీట్లో తాన్, భార్య ఒళ్లో తల పెట్టుకుని పడుకున్నాడు.

“పసుపు లైటుకే ఆగిపోయిందే! కొత్త పెళ్లికూతురా ఏం?”

“నోర్మూసుకుని పడుకో. ఈ పూటైనా ఎదుటివాడి డ్రైవింగుకి వంకలు పెట్టకు.”

“పెట్టకపోతే పోయాననుకుని ఏడుస్తావుగా.”

బెల్టు పెట్టుకోమని కారు అదేపనిగా చెబుతోంది. ఉబ్బిన పొట్ట మీద బెల్టు బిగించబోతే తాన్ కేక పెట్టాడు. యాంగ్త్సీ నది వంతెన కనిపిస్తుండగా కారు పక్కకు తీసి ఆగిపోయింది. స్పీకర్లోంచి ఓ ఆడపిల్ల గొంతు వినిపించింది.

“బాబాయ్, కారు కంపెనీ ఆఫీసు నుంచి కెమెరాలో చూస్తున్నాను. అంబులెన్స్‌కి చెప్పేశాం, భయపడకండి.”

“ఎవరు చెప్పమన్నారమ్మా?” అంది యూఝెన్. “వంతెన దాటితే ఇల్లే. పోనివ్వు తల్లీ.”

“రోగి ఇలా ఉంటే బండి కదలదు పిన్నీ. కదిలించే అధికారం నాకూ లేదు.”

తాన్ తలెత్తాడు. “షిఫూ,” అన్నాడు, సాటి డ్రైవర్‌తో మాట్లాడినట్టు. “ఈ ఒక్క ట్రిప్పూ కానివ్వు.”

“క్షమించండి బాబాయ్.” అంబులెన్స్ వచ్చేదాకా ఆ పిల్ల లైన్ వదిలిపెట్టలేదు. ఆమె చేయగలిగిందీ అంతే.

నేను రోడ్డు మీదికెళ్లి చెయ్యెత్తాను. ఓ టాక్సీవాడు ఆగి, కారులోకి తొంగిచూసి వెళ్లిపోయాడు.

అంబులెన్స్‌వాళ్లు మా మాట వినలేదు. ముందు ఆసుపత్రి, తర్వాతే ఏదైనా అన్నారు. మమ్మల్ని ఎక్కించుకుని, వంతెన ఎక్కకుండానే బండి వెనక్కి తిరిగింది.

పోతున్న మనిషిని నది దాటించేటప్పుడు పక్కనున్నవాళ్లు ఆ సంగతి చెవిలో చెప్పాలి. చెప్పకపోతే ప్రాణం ఇవతలి ఒడ్డునే చిక్కుకుంటుందంటారు. యూఝెన్ వంగింది.

“వంతెనొచ్చిందయ్యా. నన్ను పట్టుకో.”

కిటికీలో ఆసుపత్రి రోడ్డు పరుగెడుతోంది. ఆ దారుల్లో ప్రతి మలుపూ కళ్లు మూసుకుని చెప్పగలిగిన మనిషి అతను.

“మధ్య లేన్‌లో పొమ్మను,” అన్నాడు తాన్. “దిగేచోట కుడివైపు గుంటలుంటాయి.”

నమ్మే అన్నాడో, ఆమె కోసమే అన్నాడో.

“సరేనట,” అంది యూఝెన్.

కాసేపటికి ఆమె చేతిలోంచి అతని చెయ్యి జారింది. అయినా ఆమె ఆపలేదు. కూరగాయల బజారొచ్చింది, మందుల కొట్టొచ్చింది, ఇదిగో మన సందు అంటూ చెబుతూనే ఉంది.