గ్రనడా తాళాలు

స్కూల్ నాటకంలో నాకు రాజు వేషమే కావాలి. ఏ రాజు? పెళ్ళితో రెండు రాజ్యాలను కలిపి, ఆఖరికి గ్రనడానూ గెలిచి, స్పెయిన్‌ను ఒక్క దేశం చేసిన రాజు. ఎనభైల మొదట్లో, నేపర్‌విల్‌లో, నేను సెవెంత్ గ్రేడ్. ఆయన డైలాగులన్నీ నాకు కంఠతా వచ్చు. క్లాసులో ఇంకెవడికీ ఒక్క ముక్క రాదు. అయినా టీచర్ నన్ను ఎగాదిగా చూసి, "నీ రంగుకి ఓడిపోయే గ్రనడా సుల్తానే కరెక్ట్, హనీ," అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. గెలిచే రాజు వేషం ఒక తెల్లపిల్లాడికి పోయింది. వాళ్ళ నాన్న మా నాన్న పనిచేసే హాస్పిటల్‌లో చీఫ్.

రాజు వేషమనగానే అమ్మ పొంగిపోయింది. ఏ రాజని అడగలేదు. రాజంటే పట్టు కట్టాల్సిందేనని తన పెళ్ళిచీర కత్తిరించి అంగీ కుట్టింది, జరీ అంచుతో తలపాగా చుట్టింది. కోట తాళాలు అప్పగించే సీన్ ఉందంటే, నడుముకు దోపుకునే వెండి తాళాల గుత్తి కూడా తీసి ఇచ్చింది. అత్తారింటికి పంపుతూ అమ్మమ్మ పెట్టిన గుత్తి అది. మా అపార్ట్‌మెంట్ తాళం, మెయిల్‌బాక్స్ తాళం దానికే తగిలించుకుని తిరిగేది. అంకుల్స్ నవ్వేవారు. నవ్వితే నవ్వనీ, ఇది మా అమ్మదనేది.

"ప్లే అయ్యాక జాగ్రత్తగా పట్టుకొచ్చెయ్ తల్లీ," అంది.

స్టేజ్ మీద మోకరిల్లి ఆ తెల్లపిల్లాడికి గుత్తి అందించాను. వాడు దాన్ని పైకెత్తి, స్పెయిన్ అంతా ఇక ఒక్కటేనని అరిచాడు. హాలంతా చప్పట్లు. నేను ఏడుస్తూ వెళ్ళిపోవాలి. నిజంగానే ఏడ్చాను. అమ్మ ఒక్కతే చప్పట్లు కొట్టలేదు.

పార్కింగ్ లాట్‌లో గుత్తి ఇవ్వమంటే వాడు వెనక్కి దాచుకున్నాడు.

"నో. ఐ వన్ ఇట్." తను గెలుచుకున్నాడట.

చీఫ్ పగలబడి నవ్వాడు. టీచర్ కూడా, "వెల్, దట్స్ హిస్టరీ!" అంది. అమ్మ చెయ్యి చాచి, "ప్లీజ్. మై మదర్ గివ్," అంది. నాన్న ఆ చేతిని పట్టి కిందికి దించేశాడు. గుత్తి తీసుకుని మా తాళాలు రెండూ ఊడబెరికి, వెండి గుత్తిని మళ్ళీ వాడి చేతిలోనే పెట్టాడు.

"కీప్ ఇట్, కీప్ ఇట్. అవర్ గిఫ్ట్."

చీఫ్ నాన్న భుజం తట్టాడు. నాన్న ఇకిలించాడు. ఛీ, ఆ ఇకిలింపు తలుచుకుంటే ఇప్పటికీ నాకు కంపరమే.

కారెక్కగానే అమ్మ మీద విరుచుకుపడ్డాడు. "బుద్ధుందా నీకు? ఆయన సైన్ చేస్తేనే నా జాబ్ రెన్యూ అయ్యేది. వెండిముక్క కోసం సీన్ క్రియేట్ చేస్తావా?"

అమ్మ నావైపు తిరిగింది.

"ఆ ఓడిపోయిన రాజు తర్వాత ఏమయ్యాడే?"

"కొన్నాళ్ళకి సముద్రం దాటి వెళ్ళిపోయాడమ్మా."

"మరి వాళ్ళావిడ?"

"పుస్తకంలో లేదు."

"ఎందుకుంటుందిలే," అంది అమ్మ, నాన్నకేసి చూస్తూ.

నాన్న రేడియో సౌండ్ పెంచాడు.