కారుతున్నా తగ్గని ఆయిల్

మా ఆయన్ని వీధిలో అందరూ నిదానం అంటారు. ఎదురుగానే అంటారు, ఆయనా పలుకుతారు. ఆయన చొక్కా గుండీలు పెట్టుకునేలోపు నేను వంట ముగించి, గిన్నెలు తోమి, ఓ తగువు కూడా పూర్తి చేసుకోగలను. అబద్ధమనిపిస్తే మా అత్తయ్యని అడగండి, ఆవిడ సొంత కొడుకే కదా.

పాతికేళ్ళు పుస్తకాలు బైండింగ్ చేశారాయన. ఆఫీసు రిజిస్టర్లు, లైబ్రరీ పుస్తకాలు, పిల్లల అట్లాసులు. దారంతో కుట్టి, జిగురు పూసి, పైన ఇనప దిమ్మె పెట్టి, మర్నాటిదాకా ఎవర్నీ ముట్టుకోనిచ్చేవారు కాదు. కంప్యూటర్లొచ్చి రిజిస్టర్లు మాయమయ్యాయి, షాపు మూతపడింది. తర్వాత మార్కెట్లో ఒక మూల బల్ల వేసుకుని గడియారాలు బాగుచేశారు. ఫోన్లొచ్చాక మణికట్టు చూసుకునేదెవరు? అదీ పోయింది. చివరికి ఒక పాత వ్యాను కొన్నాం. పొద్దున బడిపిల్లల్ని నేను దింపుతాను. పన్నెండు నుంచి లాండ్రీ మూటలు హాస్టళ్ళకి ఆయన వేస్తారు. మా ముగ్గురి కడుపులూ నిండేది ఆ నాలుగు చక్రాల మీదే.

గొడవ వచ్చిందీ దానితోనే. ఒకరోజు మధ్యాహ్నం వంతెన మీద ఫ్యాన్ బెల్టు తెగింది. వేడి చూపించే ముల్లు ఎర్ర గీత దాటినా ఆయన బండి ఆపలేదట. వంతెన దిగాకే ఆపారట.

"ముల్లు ఎర్రకెక్కితే ఆపాలని తెలీదా?" అన్నాను.

"వెనకాల బస్సుంది. ఎక్కడాపను?" అన్నారు. అదీ నిదానంగానే.

నాకు చిర్రెత్తుకొచ్చింది. "షాపు నిలవలేదు, గడియారాల బల్ల నిలవలేదు, ఇప్పుడిది. అసలు మీ చేతిలో పెట్టింది ఏదైనా నిలిచిందా?" అనేశాను.

అన్నాక, నేనేం అన్నానో నాకే వినబడింది. ఆయన తాళం చెవి మేకుకి తగిలించి లోపలికెళ్ళిపోయారు. ఆ రోజు నుంచి మా ఇద్దరి మధ్యా మాటల్లేవు.

మాటల్లేకపోయినా సంసారం ఆగదుగా. "అత్తయ్యా, అన్నం పొయ్యి మీదుందని మీ అబ్బాయితో చెప్పండి" అంటాను. "అమ్మా, సైడు అద్దం వదులైందని చెప్పు" అంటారాయన. ముగ్గురం ఒకే గదిలో ఉంటాం. అత్తయ్య పళ్ళెంలోంచి తల కూడా ఎత్తకుండా ఇటు మాట అటూ, అటు మాట ఇటూ చేరవేసేది. ఆవిడకి ఆ ఏర్పాటు బాగా నచ్చిందని నా అనుమానం.

బెల్టు కొత్తది వేయించాం. రెండ్రోజులకి వ్యాను కింద ఆయిల్ చుక్కలు కనిపించాయి. కింద ఒక అట్టముక్క పరిచాను. పదింటికి పిల్లల్ని దింపి వచ్చి చూస్తే అట్ట మీద అరచేతి వెడల్పున మరక. ఈయన చూసుకుంటారా? చూసుకోరు. మళ్ళీ ఎర్రకెక్కిస్తారు, ఇంజన్ని పూర్తిగా చంపేస్తారు. అందుకని మరకని బట్టి అంచనా వేసి, ఒక గ్లాసు ఆయిల్ పోశాను. పాత అట్ట తీసి కొత్తది వేశాను. రోజూ అంతే. ఆయిల్ మట్టం చూపించే గేజు పుల్ల తీసి చూడొచ్చు కదా అంటారేమో. కారినంత పోస్తున్నప్పుడు చూసేదేముంది అనుకున్నాను. నా తెలివికి నేనే దండం పెట్టాలి.

పది రోజులకి మరక తగ్గకపోగా పెరిగింది. వెనక గొట్టంలోంచి తెల్లటి పొగ కూడా మొదలైంది. సందు చివర మెకానిక్ అన్నయ్య దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన ఆయిల్ మూత తిప్పి చూశాడు. లోపల లేత గోధుమరంగు నురుగు. గేజు పుల్ల లాగి తుడిచి, మళ్ళీ పెట్టి లాగాడు. కళ్ళు చికిలించాడు.

"ఎంత పోస్తున్నావు చెల్లెమ్మా?"

"కారినంతే. రోజుకో గ్లాసు."

"మరి కారినంతే పోస్తుంటే మట్టం అక్కడికక్కడ ఉండాలి. లేదా తగ్గాలి. ఇది పై గీత దాటి ఇంత పైకి ఎందుకొచ్చింది?"

నాకేం తెలుసు? పుల్ల వంక చూశాను, అన్నయ్య వంక చూశాను.

అన్నయ్య కూర్చోబెట్టి చెప్పాడు. ఇంజన్‌కీ దాని పైనుండే హెడ్‌కీ మధ్య ఒక పల్చటి గ్యాస్కెట్ ఉంటుందట. బండి బాగా వేడెక్కితే అది కాలిపోతుంది. అప్పుడు రేడియేటర్ నీళ్ళు ఆయిల్లోకి దిగుతాయి. నీళ్ళు కలిసిన కొద్దీ మట్టం పైకొస్తుంది, నురుగొస్తుంది, తెల్లపొగ వస్తుంది. "అన్నీ హెడ్ గ్యాస్కెట్ వైపే చూపిస్తున్నాయి" అన్నాడు.

చూశారా, నేనన్నది నిజమైంది. మా ఆయన చేతిలో ఇంజన్ పోయింది. సంబరపడాలో ఏడవాలో తెలియక స్టూలు మీద అలాగే కూర్చుండిపోయాను.

"కానీ ఖాయం చేసుకోనీ" అని, అన్నయ్య ఇంజనంతా తుడిచి, రేడియేటర్ నీళ్ళ డబ్బా మీద మార్కర్‌తో గీత గీశాడు. "మూడు రోజులు మామూలుగానే నడుపు. నీళ్ళు ఈ గీత కిందికి రావాలి. అప్పుడు దొంగ దొరికినట్టే."

మూడు రోజులకి వెళ్ళాను. నీళ్ళు గీత మీదే ఉన్నాయి, వెంట్రుకవాసి కూడా దిగలేదు. ఆయిల్ మాత్రం ఇంకో పిసరు పైకొచ్చింది! రేడియేటర్ మూత తీసి, ఇంజన్ స్టార్ట్ చేసి, లోపల బుడగల కోసం చూశాడు. ఒక్క బుడగ లేదు. కొంచెం ఆయిల్ ఒక గాజుసీసాలోకి తీసి కిటికీలో పెట్టాడు. నీళ్ళుంటే మర్నాటికి అడుగుకి దిగాలట. మర్నాడు చూస్తే అడుగున చుక్క నీళ్ళు లేవు. అంతా శుభ్రమైన ఆయిలే.

అన్నయ్య తల పట్టుకున్నాడు. "ముప్పయ్యేళ్ళుగా చేస్తున్నానమ్మా ఈ పని. ఆయిల్ కార్చే ఇంజన్లు చూశాను, తాగే ఇంజన్లు చూశాను. ఇదేంటో ఆయిల్ కంటోంది!"

నవ్వాలనిపించింది కానీ నవ్వు రాలేదు.

"సోమవారం హెడ్ విప్పేద్దాం. విప్పితే గానీ తేలదు. మూడు వారాలు పడుతుంది" అన్నాడు.

మూడు వారాలు! బడివాళ్ళు మూడు రోజులు కూడా ఆగరు. ఇంకో వ్యాను మాట్లాడేసుకుంటారు, నా పిల్లలు వాడి పిల్లలైపోతారు. కాళ్ళీడ్చుకుంటూ ఇంటికొచ్చాను. అత్తయ్య గుమ్మంలో కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది.

"మీ అబ్బాయితో చెప్పండి. సోమవారం ఇంజన్ విప్పుతున్నారు. అంతా ఆయన పుణ్యమే."

"ఇంకేం రోగమే దానికి?" అంది అత్తయ్య. "ఇద్దరూ పోటీలు పడి అంతేసి నూనె పోస్తున్నారుగా!"

"ఇద్దరేంటి?"

"వాడు తెల్లారగట్ల పోస్తాడు, నువ్వు పదింటికి పోస్తావు. పూటకో గ్లాసు కాబోలు అనుకున్నా."

నేను నోరు వెళ్ళబెట్టాను. "మరి నాకు చెప్పలేదేం?"

"నన్నెవరడిగారు? అన్నం ఉందని చెప్పు, అద్దం ఊడిందని చెప్పు అన్నారు. చెప్పాను. నూనె సంగతి చెప్పమన్నారా?"

పరుగెత్తుకెళ్ళి వ్యాను వెనక సీటు ఎత్తాను. అక్కడుంది ఆయన డబ్బా. మూత ఊడకుండా బైండింగ్ దారంతో కట్టి, పక్కనే గుడ్డలో చుట్టిన గ్లాసు. అప్పుడు గానీ నా బుర్రకెక్కలేదు. తెల్లారగట్ల ఆయన అట్ట మీద మరక చూసి ఒక గ్లాసు పోస్తున్నారు. అట్ట మార్చరు, అలాగే వదిలేస్తారు. పదింటికి నేనొచ్చి అదే మరక చూసి ఇంకో గ్లాసు పోస్తున్నాను.

ఆయన తాళం కోసం వచ్చారు. పదహారు రోజుల తర్వాత మొదటిసారి నేరుగా మాట్లాడాను.

"ఏవండీ, బండెక్కండి. మెకానిక్ దగ్గరికి."

ఎందుకని అడగలేదు. ఎక్కి కూర్చున్నారు.

సంగతి విని అన్నయ్య రెంచీ కింద పడేసి మరీ నవ్వాడు. ఎక్కువైన ఆయిల్ తీస్తే లీటరున్నర పైనే వచ్చింది. అంత ఆయిల్ లోపల చిలికి నురుగైందట. పట్టలేక పొగగా కాలిందట, సందు దొరికిన చోటల్లా బయటికి తన్నిందట. మొదట్లో చుక్కలు కారింది ఇంజన్ పైమూత కిందున్న రబ్బరు గట్టిపడి. దాన్ని అరగంటలో మార్చేశాడు. "హెడ్ గ్యాస్కెట్ బంగారంలా ఉంది. మీ ఆయన సరైన చోటే ఆపాడు" అన్నాడు. ఆ మాట నా వైపు చూసే అన్నాడు. నేను అద్దంలో జుట్టు సర్దుకున్నాను.

తిరిగొచ్చేటప్పుడు ఆయనే నడిపారు. నాకు ఉండబట్టలేదు.

"తెల్లారగట్ల లేచి పోయడం దేనికి? మధ్యాహ్నం మీరు తీసేటప్పుడు పోసుకోవచ్చుగా?"

సందు మలుపు తిప్పారు. గేరు మార్చారు. ఎదురొచ్చిన సైకిల్‌కి దారిచ్చారు. ఇక చెప్పరేమో అనుకున్నాను.

"నా చేతిలో ఆగిపోతే పర్లేదు, నువ్వన్న మాటే అవుతుంది" అన్నారు. "నీ చేతిలో ఆగిపోతే, ఆ మాట నిన్ను నువ్వే అనుకుంటావు. అలా కాకూడదనిపించింది."

కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. ఆయన బండి ఇంటి ముందు ఆపి, ఇంజన్ కట్టేసి, తాళం తీయకుండా నా వైపు తిరిగారు.

"మరి నువ్వెందుకు పోశావు?"

మీరు ఇంజన్ని చంపేస్తారని, మీ మీద నమ్మకం లేక పోశాను అని చెప్పాలి. అదే నిజం. ఎవరితోనైనా మొహమ్మీదే చెప్పగలదాన్ని, నా నోరు ఎలాంటిదో వీధి వీధంతా తెలుసు.

"నేనూ అందుకేనండీ" అన్నాను.

ఆయన నమ్మారు. ఎంత సంతోషపడ్డారో చెప్పలేను. లోపలికెళ్ళి వాళ్ళమ్మతో కూడా చెప్పుకున్నారు.