పాత పిల్లల క్లాసు

ఉదయం ఎనిమిది గంటల పది నిమిషాలకు మెహిదీపట్నంలో చేవెళ్ల బస్సు కదిలింది. ఆ శనివారం కూడా నాకు సీటు దొరకలేదు. కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో, చదివిన పుస్తకాల్లో ప్రతి కష్టానికీ ఒక జవాబు ఉంటుందని నమ్మేదాన్ని. బీఎడ్‌లో మంచి మార్కులు వచ్చినవాళ్లకు ఈ జబ్బు కొంతకాలం తప్పదు. మొయినాబాద్ దాటాక లోపలికి ఉన్న ఒక పల్లెలో, చర్చివాళ్లు నడిపే బడిలో తెలుగు టీచరుగా చేరి అప్పటికి రెండు వారాలు. రోజూ నిలబడి వెళ్లి, నిలబడి వచ్చేదాన్ని. ఇంటికి చేరేసరికి అమ్మ నా కాళ్లు చూసి ఏమీ అనేది కాదు, అన్నం పెట్టేది. ఆ వారం మాత్రం అంది, "శనివారం లోపల అక్కడే గది చూసుకున్నావా సరే. లేకపోతే సోమవారం నుంచి పోవద్దు. నేను అడిగి చూశాను, మన వీధి చివరి కాన్వెంటులో ఖాళీ ఉందట." అమ్మ ఒకసారి అన్న మాట మళ్లీ అనదు, వెనక్కీ తీసుకోదు. నాకు ఆ పల్లె బడి నచ్చింది. ఎందుకు నచ్చిందో ఇప్పుడు చెప్పమంటే చెప్పగలను, అప్పుడు తెలియదు.

ఆ ఊళ్లో కిరాయికి ఇవ్వదగ్గ గది ఒక్కటే ఉంది. గులాబీ తోటల ఆసామి ఇంట్లో ముందు గది. రెండుసార్లు వెళ్లాను. రెండుసార్లూ ఆయన తోటలోనో మార్కెట్లోనో ఉన్నాడు. ఇంట్లో ఉన్న అవ్వ, ఆయన తల్లి, నాకు మంచినీళ్లిచ్చి, "నాకైతే ఇష్టమే బిడ్డా. మావోడే ఇయ్యనంటుండు. టీచర్లు మూడు నెలలకే సంచి సర్దుకుంటరు, మల్ల గదికి సున్నం ఎయ్యాలె అంటడు. శనారం పగటీలి రా, ఇంట్లనే ఉంటడు, నువ్వే అడుగు" అంది. కాబట్టి ఆ శనివారం బస్సులో నిలబడి నేను తయారు చేసుకున్నది పాఠం కాదు, ఆ ఆసామితో ఏం మాట్లాడాలన్నది.

బడికి చేరగానే పెద్దటీచరు (ప్రధానోపాధ్యాయురాలిని ఊరంతా అలాగే పిలిచేవాళ్లు) వరండాలో ఎదురై, "మూడో పీరియడు ఏడో తరగతి గదిలకు పో బిడ్డా" అంది. తెల్లచీర, చేతిలో తాళాల గుత్తి. ఏం చెప్పాలని అడిగితే, "నీ ఇష్టం. నువ్వేది చెప్తే అది నేర్చుకుంటరు" అంది. నాతోపాటే చేరిన లెక్కల సారు అక్కడే ఉండి నవ్వు ఆపుకోవడానికి సుద్దముక్కలు ఏరుకుంటున్నాడు. ముందు శనివారం ఆయనకూ ఇదే జరిగిందనీ, జరిగినవాళ్లు జరగబోయేవాళ్లకు చెప్పకూడదన్నది ఆ బడి కట్టుబాటనీ నాకు తర్వాత తెలిసింది.

గదిలోకి అడుగు పెడితే బెంచీల మీద పిల్లలు లేరు. పెద్దవాళ్లున్నారు. మీసాలవాళ్లు, నడుములు పట్టేసినవాళ్లు, తెల్లబట్టల్లో ఒక నర్సు, ఖాకీ బట్టల్లో ఒక బస్సు కండక్టరు. చిన్న బెంచీలు కావడంతో అందరి మోకాళ్లూ గడ్డాలదాకా వచ్చాయి. నన్ను చూడగానే లేచి నిలబడి, రాగం తీసి, "గుడ్ మార్నింగ్ టీచర్" అన్నారు. నేను ఒక్క క్షణం ఆలోచించి మొత్తం అర్థం చేసుకున్నాను. వయోజన విద్య. బీఎడ్‌లో దాని మీద వ్యాసం రాసి బహుమతి కూడా తెచ్చుకున్నాను. (చదువు రాకుండా కండక్టరు టికెట్లు ఎలా ఇస్తున్నాడు, నర్సు మందుల పేర్లు ఎలా చదువుతోంది అన్న అనుమానం రాకపోలేదు. కానీ పెద్ద వయసు విద్యార్థులను అలాంటివి అడిగి చిన్నబుచ్చకూడదని పుస్తకంలో ఉంది.) అందుకని చేతులు జోడించి, "మీరు ఇక్కడికి రావడానికి ఎంతో ధైర్యం చేశారు. నేర్చుకోవడానికి వయసు అడ్డు కాదు" అని మొదలుపెట్టి, బోర్డు మీద పెద్దగా అ రాశాను.

వెనక నుంచి రెండో బెంచీలో నర్సు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సిగ్గు అనుకున్నాను. కండక్టరు బుద్ధిగా, "అ" అన్నాడు. తర్వాత అందరూ అన్నారు. దాని పక్కన ఆ అని రాశాను. అదీ అన్నారు. ఇంత త్వరగా పట్టుబడుతున్నారంటే నా పద్ధతి గొప్పదే అనుకున్నాను.

చివరి బెంచీలో నల్లగా, బలంగా, దట్టమైన మీసాలతో ఒకాయన ఉన్నాడు. ఆయనకు మాత్రం ఎంతకీ రావడం లేదు. పక్కాయన బలపం తీసుకుని పలక మీద అ బదులు చక్రం గీశాడు. నేను వెళ్లి, "భయపడకండి, నెమ్మదిగా రాయండి" అని ఆయన మణికట్టు పట్టుకుని అ దిద్దించాను. ముళ్లు గీరుకున్న చెయ్యి, గరుకుగా ఉంది. కూలి పని చేసుకునే మనిషి, పాపం, అనుకున్నాను. నేను వెనక్కి తిరగగానే మేకపిల్ల అరిచింది. గదిలో మేక లేదు. మళ్లీ తిరిగాను. ఆయన తలవంచుకుని అ దిద్దుతున్నాడు.

"టీచర్, ఈమె నా బలపం గుంజుకున్నది" అన్నాడు కాసేపటికి, నర్సును చూపించి.

"అబద్ధం టీచర్. ఈనికి బలపమే లేదు. చిన్నప్పటి సంది గింతే" అంది నర్సు.

"నువ్వు మాట్లాడకు, సూదులమ్మా."

"చూడుండ్రి టీచర్, ఎట్లంటుండో. వాన్ని బయటికి పంపుండ్రి."

"దయచేసి ఒకరినొకరు గౌరవించుకోండి" అన్నాను. ఆ వాక్యం కూడా పుస్తకంలోదే. కాగితం ఉండ ఒకటి నా చెవి పక్కనుంచి వెళ్లి బోర్డుకు తగిలింది. మేకపిల్ల మళ్లీ అరిచింది. కండక్టరు లేచి, "టీచర్, ఒంటికి" అని చిటికెనవేలు చూపించాడు. చివరి బెంచీ మీసాలాయన సందు చూసుకుని ముందుకు వంగి నర్సు చీర కొంగును బెంచీ కాలుకు ముడేశాడు. ఆమె లేవబోయి బెంచీతో సహా కదిలింది. నా చదువంతా అక్కడ అయిపోయింది. నాలో ఎవరో మా అమ్మ గొంతుతో అన్నారు, "లే. నువ్వే. వెనక తలుపులోంచి బయటికి పో. నేను పిలిచేదాకా లోపలికి అడుగు పెట్టావంటే చూడు."

ఆయన లేచి, చేతులు కట్టుకుని, తలవంచుకుని వెనక వరండాలోకి వెళ్లాడు. గదిలో అందరి ముఖాలూ వెలిగిపోయాయి. నా జీవితంలో ఏ క్లాసూ అంత శ్రద్ధగా కూర్చోలేదు.

గంట కొట్టగానే పెద్దటీచరు చాయ్, మిర్చీబజ్జీలతో వచ్చింది. అప్పుడు చెప్పింది. వాళ్లంతా ఆ బడిలో చదువుకున్నవాళ్లే. కొత్త టీచరు వచ్చినప్పుడల్లా పాత పిల్లలు వచ్చి, వాళ్ల వాళ్ల పాత బెంచీల్లో కూర్చుని, అప్పుడెట్లుండేవాళ్లో అట్లే ఉండాలి. ఏడ్చేవాళ్లు ఏడవాలి, కొంటెవాళ్లు కొంటెగా ఉండాలి. టీచరు మాటకు మాత్రం ఎదురు చెప్పకూడదు. "వీళ్ల పిల్లలే గద రేపు నీ ముందట కూసునేది. తండ్రిని పట్టినోళ్లకు కొడుకొక లెక్కనా" అంది. కండక్టరు నా దగ్గరికి వచ్చి, "నేను డిగ్రీ చదివిన, టీచర్, తెలుగు మీడియమే. అయినా మీరు చెప్తుంటే అ అక్షరం జర కొత్తగ అనిపించింది" అన్నాడు, ఎగతాళి ఏమాత్రం లేని ముఖంతో. నేను ఇంకో బజ్జీ తీసుకున్నాను. బజ్జీలు అయిపోయాయి. ఎవరి పనులకు వాళ్లు వెళ్లారు. పెద్దటీచరు చేవెళ్లలో మీటింగు ఉందని వెళ్లిపోయింది. శనివారం సగం రోజే కాబట్టి బడి విడిచారు. నేను ముందు గేటులోంచి గులాబీల ఇంటికి నడిచాను.

అవ్వ అరుగు మీద కూర్చుని కొత్తిమీర ఏరుతోంది. "ఇంక రాలే బిడ్డా, కూసో" అంది. కూర్చున్నాను. అన్నం తినమంది, తిన్నాను. ఎండ అరుగు మీదికి వచ్చింది. నేను జరిగి కూర్చున్నాను. ఆలస్యమయ్యేకొద్దీ బస్సు గురించి, అమ్మ గురించి, వీధి చివరి కాన్వెంటు గురించి ఆలోచన పెరిగింది. చివరికి అడిగాను, "ఎక్కడికి వెళ్లారవ్వా?"

"ఏడికి పోతడు, బడికే. ఇయ్యాల పాత పిల్లల క్లాసు గద. పొద్దుగాల్నే బలపం కోసం ఇల్లంత ఎతికిండు, దొరకలే, గట్లనే పోయిండు."

గోడ మీద పెళ్లి ఫొటో ఉంది. అందులోని మీసాలను నేను అంతకు ముందు చూడలేదెందుకో తెలియదు. గది పోయిందని మాత్రం తెలిసిపోయింది. జరిగింది అవ్వకు చెప్పాను, దాచి లాభం లేదు కాబట్టి. అవ్వ కొత్తిమీర పక్కన పెట్టింది.

"మల్ల లోపలికి పిలిచినవా?"

"లేదు. వెళ్లిపోయారనుకున్నాను."

"ఏడ పోతడు. పిలిచేదాక రావద్దంటివి. మావోడు మొండి, ఆన్నే నిలవడి ఉంటడు. ఉరుకు బిడ్డా, పొద్దుగాల చాయ్ తాగి పోయిండు, గంతే."

పరుగెత్తాను. బడి మూసేశారు. వాచ్‌మన్ గేటు తెరుస్తూ, "నేను రెండుమాట్ల చెప్పిన టీచర్, పొమ్మని. పోతలేడు" అన్నాడు. వెనక వరండాలో ఆయన గోడవైపు తిరిగి నిలబడి ఫోనులో మాట్లాడుతున్నాడు. "రెండు సంచుల పూలు గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పంపు. నేనా? నేను బడిల ఉన్న. నిలవెట్టిండ్రు. అరే, నవ్వుతవేందిర." నన్ను చూసి ఫోను జేబులో పెట్టి చేతులు కట్టుకున్నాడు.

"నీళ్లు తాగిన టీచర్, వాచ్‌మన్ ఇచ్చిండు. నీళ్లు తాగుడు తప్పు కాదు గద?"

"అయ్యో, దయచేసి లోపలికి రండి."

"గట్ల కాదు. ఎట్ల పంపిండ్రో గట్లనే పిల్వాలె."

ఎంత ప్రయత్నించినా అమ్మ గొంతు మళ్లీ రాలేదు. మూడోసారి కొంచెం వచ్చింది. "లోపలికి రా" అన్నాను. ఆయన వచ్చి చివరి బెంచీలో కూర్చున్నాడు, మోకాళ్లు పైకి పెట్టుకుని. ఖాళీ గదిలో మేమిద్దరం. బోర్డు మీద అ, ఆ అలాగే ఉన్నాయి. బస్సులో తయారు చేసుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు. "మీ ముందు గది నాకు కిరాయికి కావాలి" అన్నాను.

ఆయన బోర్డు వైపు చూశాడు. "మా బిడ్డకు ఒక్క ఏడాదిల ముగ్గురు తెలుగు టీచర్లు మారిండ్రు. ఒకామె సగం పద్యం చెప్పి పోయింది. గా సగమే ఇంట్ల పాడుకుంట తిరుగుతది. మీరు నాకు రెండక్షరాలే చెప్పి ఎల్లగొట్టిండ్రు. మిగిలినయ్ ఎవరు చెప్తరు?"

"గది దొరికితే నేనే చెప్తాను."

"అన్నీనా?"

"అన్నీ."

ఆయన లేచి ప్యాంటు దులుపుకున్నాడు. "తాళంచెవి అవ్వ దగ్గర ఉన్నది. ఆకలైతున్నది, ఇగ పోవచ్చునా టీచర్?"

ఆ గదిలో నా పెళ్లయ్యేదాకా ఉన్నాను. ఆ బడిలో ఇప్పటికీ ఉన్నాను. ఆయన కూతురు పద్యాలు పూర్తిగా నేర్చుకుంది, కొన్ని నాకంటే బాగా చెప్పేది. అన్న (ఆసామిని అప్పటికి అలాగే పిలిచేదాన్ని) పోయిన చలికాలం చనిపోయాడు. ఇంటి ముందు పాత పిల్లలు చాలామందే కనిపించారు. నర్సు రిటైరయింది. కండక్టరు మోకిలలో కొడుకు దగ్గర ఉంటున్నాడు. గులాబీ తోట ఉన్నచోట ఫామ్‌హౌసు ప్లాట్ల రాళ్లు పాతారు. మేం ఎక్కువ మాట్లాడుకోలేదు. ఎవరెక్కడ ఉన్నారో చెప్పుకున్నాం.

ఈ జూన్‌లో కొత్త టీచర్లు ముగ్గురు చేరారు. స్టేజీ మీద బొకేలు ఇచ్చాం. ఫొటోలు వాట్సాప్ గ్రూపులో పెడితే పాత పిల్లలు చేతులు జోడించిన బొమ్మలు పంపారు. తెలుగు టీచరు చాలా చిన్నపిల్ల, చేతిలో పుస్తకం లేకుండా కనిపించదు. ఎవరు చెప్పారో, ఎప్పుడో ఆగిపోయిన పాత పిల్లల క్లాసు గురించి అడిగింది. చెప్పాను. బాగా నవ్వింది. తర్వాత కాస్త ఆలోచించి, "మీకు అంత ధైర్యం ఎలా వచ్చింది మేడమ్?" అంది. రాలేదని చెప్పాను. నమ్మలేదు. ఆ వయసులో నేనూ నమ్మేదాన్ని కాదు.

మా బడిలో ఇప్పుడు ఎవరినీ క్లాసు బయట నిలబెట్టడం లేదు.